నా షాపులో ఆగదు, వాళ్ళ షాపులో ఆగిద్ది: ఒక రీస్టార్ట్ కేసు

2023 ఏప్రిల్ ఆఖర్లో నా దగ్గరికొచ్చిన డెస్క్‌టాప్ ఇది. నరసరావుపేటలో ఒక అక్క జెరాక్స్ షాపు నడుపుతుంది, జెరాక్స్ తోపాటు డీటీపీ, లామినేషన్, పెళ్ళి కార్డులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, అన్నీ ఆ ఒక్క సిస్టమ్ మీదే. ఐ5 నాలుగో జనరేషన్, 4590 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటే స్టిక్కు, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10, లోకల్ 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (సీపీయూ బాక్సులో అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా), కింద 600 వీఏ యూపీఎస్. మన ఊళ్ళలో సగం జెరాక్స్ షాపుల్లో ఇప్పటికీ ఇదే సెటప్పు ఉంటది, కాబట్టి వివరంగా రాస్తున్నా, ఎవరికన్నా పనికొస్తది.

కంప్లైంటు రెండు ముక్కలు. ఒకటి, పని చేస్తా చేస్తా ఉండంగానే దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. రెండు, ఈ రెండు నెలల నుంచి చచ్చేంత స్లో, ఆన్ చేసి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ మీద ఐకాన్లు ఇంకా వస్తానే ఉంటాయి.

నేను మూడో మెకానిక్కుని. మొదటాయన వైరస్ అని చెప్పి ఫార్మాట్ కొట్టాడు. డీటీపీ వాళ్ళకి ఫార్మాట్ అంటే ఏంటో తెలిసినవాళ్ళకే తెలుసు, అను తెలుగు ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకర్ మళ్ళీ ఎక్కించుకుని కీబోర్డు లేఅవుట్ కుదిరి పాత ఫైళ్ళు సరిగ్గా తెరుచుకునేసరికి అక్కకి రెండు రోజుల బేరం పోయింది. రెండో ఆయన ర్యామ్ తీసి రబ్బరుతో కాళ్ళు రుద్ది పెట్టాడు, అయినా ఆగకపోతే యూపీఎస్ బ్యాటరీ వీకయ్యిందని కొత్త 12 వోల్ట్ 7 ఏహెచ్ బ్యాటరీ వేయించాడు. దానికీ తగ్గలా. అప్పుడు నా దగ్గరికి తెచ్చారు.

నేనేదో వాళ్ళకంటే పొడిచేశానని కాదు, నేనూ మొదట తప్పే చేశా. సైడు ప్యానెల్ తీయగానే లోపల దుమ్ము, జెరాక్స్ షాపు కదా, మామూలు దుమ్ములో టోనర్ పొడి కలిసి సీపీయూ ఫ్యాను రెక్కల మీద నల్లగా పేస్టులాగా అంటుకుపోయి ఉంది. హీట్‌సింకు పీకితే థర్మల్ పేస్టు ఎండిపోయి గోడ సున్నంలాగా రాలింది. లోడు పెట్టి, అంటే ప్రాసెసరుకి ఆపకుండా బరువైన పని ఇచ్చి చూస్తే 94 డిగ్రీలు. మురికి దొరికింది కాబట్టి దొంగ దొరికాడనుకున్నా. బ్లోయరు కొట్టి, కొత్త పేస్టు వేసి, మళ్ళీ లోడు పెడితే 68 దగ్గర నిలబడింది. నాలుగు గంటలు స్ట్రెస్ టెస్టు తిప్పా, ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలా. 500 తీసుకుని పంపించేశా. స్లో సంగతి పాత హార్డ్ డిస్కు కదా తర్వాత చూద్దాంలే అని దాటేశా, అదొక తప్పు, దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకి ఫోను. "తమ్ముడూ, నువ్వు ఇచ్చిన మిషను పొద్దున్నుంచి రెండుసార్లు పోయింది" అని. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు, అలవాటైపోయిన నీరసం, అదే ఎక్కువ తగిలింది నాకు.

మళ్ళీ తెప్పించా. ఈసారి డబ్బులు అడిగే మొహం లేదు కాబట్టి ఓపికగా చేశా. రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టా, నాలుగు పాసులు, ఎర్రర్లు సున్నా. మల్టీమీటరు పెట్టి లోడులో ఎస్ఎంపీఎస్ వోల్టేజీలు చూశా, 12 వోల్టు లైను 12.04, 5 వోల్టు లైను 5.08, 3.3 లైను 3.31. 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 12 లైను 11.4 నుంచి 12.6 మధ్య ఎక్కడున్నా పాసే, ఇది దానికంటే చక్కగా ఉంది. రెండు రోజులు మా షాపులో ఆన్‌లోనే ఉంచా. కళ్ళు కాయలు కాశాయి గానీ అది మాత్రం ఆగలా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆకుపచ్చ వైరుకీ నల్ల వైరుకీ పిన్ను గుచ్చి ఎస్ఎంపీఎస్ ఫ్యాను తిరిగితే ఎస్ఎంపీఎస్ ఓకే అనేస్తారు మనవాళ్ళు చాలామంది. ఫ్యాను తిరిగిందంటే ఫ్యాను తిరిగిందని అర్థం, అంతే. మల్టీమీటరు పరీక్ష దానికంటే మేలే కానీ అదీ పూర్తిగా నమ్మకూడదని ఈ కేసులోనే నాకు బుర్రకెక్కింది. మామూలు మీటరు సెకనుకి రెండు మూడు సార్లు రీడింగ్ మారుస్తది, అదీ సగటు చూపిస్తది. మధ్యలో పది మిల్లీసెకన్లు వోల్టేజీ కిందపడి లేస్తే దాని కంటికి కనపడదు. సిస్టమ్ పోవడానికి మాత్రం ఆ పది మిల్లీసెకన్లు చాలు.

అప్పుడు విండోస్ తనకి జరిగినవన్నీ రాసి పెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచా. నిజానికి మొదటి రోజే తెరవాల్సింది. సిస్టమ్ లాగ్‌లో కెర్నల్ పవర్ 41 ఎంట్రీలు వరసగా ఉన్నాయి, పక్కనే 6008, అంటే అంతకుముందు షట్‌డౌన్ సరిగ్గా జరగలేదని. చాలామంది 41 చూసి గూగుల్ చేసి పవర్ ప్లాన్ మార్చు, ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్ అని చెప్తుంటారు. 41 అంటే జబ్బు కాదు, శవపంచనామా రిపోర్టు లాంటిది, మెషిన్ చెప్పకుండా పోయింది అని మాత్రమే చెప్తుంది. దాని డీటైల్స్‌లోకి వెళ్ళి బగ్‌చెక్ కోడ్, అంటే విండోస్ ఏ తప్పుతో ఆగిందో చెప్పే నంబరు, చూడాలి. బ్లూ స్క్రీన్ వచ్చి పోతే మామూలుగా అక్కడ ఒక నంబరు ఉంటది, హార్డ్‌వేర్ ఎర్రర్ అయితే 292 లాంటిది. ఇక్కడ అన్నిట్లోనూ సున్నా. హార్డ్‌వేర్ తప్పుల్ని రాసే డబ్ల్యూహెచ్ఈఏ (WHEA) ఎంట్రీలు కూడా ఒక్కటీ లేవు. అంటే విండోస్‌కి చచ్చేముందు కేక పెట్టే టైము కూడా దొరకలా. ర్యామ్ పాడైతే, డ్రైవర్ పాడైతే సాధారణంగా ఎక్కడో ఒకచోట నీలం స్క్రీను, కోడు వదిలిపెట్టి పోయిద్ది. ఇన్నిసార్లలో ఒక్కసారి కూడా కోడు లేదంటే అనుమానం కరెంటు వైపు తిప్పుకోవాలి.

కానీ కరెంటు అంటే అక్క ఒప్పుకోలా. "కరెంటు పోతే మానిటర్ కూడా పోవాల గదా తమ్ముడూ, మానిటర్ దర్జాగా వెలుగుతానే ఉంటది, సీపీయూ ఒక్కటే పోయిద్ది, పైగా యూపీఎస్ ఉందిగా, కొత్త బ్యాటరీ కూడా ఏపిచ్చా" అంది. మాట న్యాయంగానే ఉంది, నా దగ్గర జవాబు లేదు. ముందు చూసిన ఇద్దరూ కరెంటు అనుమానం వదిలేయడానికి కూడా ఈ మానిటరే కారణం అయ్యుంటది.

సిస్టమ్ మళ్ళీ తీసుకెళ్ళి వాళ్ళ షాపులోనే పెట్టా, నేనూ అక్కడే ఒక స్టూలు వేసుకుని కూర్చున్నా. గోడకి రోజుకో కాయితం చింపే క్యాలెండరు కాకుండా పెద్ద గళ్ళ క్యాలెండరు వేలాడుతుంది, దాంట్లో పాలవాడి లెక్కలు, చీటీ డేట్లు, వాటి మధ్యలో ఎర్ర పెన్నుతో 11.40, 12.15, 3.20 అని అంకెలు. ఏందక్కా ఇవి అంటే "సిస్టమ్ పోయిన టైములు, రిపేరు వాళ్ళకి చూపిద్దామని రాసుకున్నా, ఎవురూ అడగలా" అంది. నేనూ అడగలేదు మరి. ఫోటో తీసుకుని ఈవెంట్ వ్యూయర్‌తో పోల్చా. రెండు మూడు నిమిషాల తేడాతో అన్నీ సరిపోయాయి. పొద్దున పదిన్నరలోపు ఒక్కటి లేదు, సాయంత్రం ఆరు దాటాక ఒక్కటి లేదు, ఆదివారాలు షాపు తెరిచి టైపింగ్ పని చేసుకున్న రోజుల్లో కూడా లేదు. అంటే గిరాకీ ఉన్న టైములోనే పోతుంది.

పదకొండున్నరకి జనం మొదలయ్యారు. ఒకాయన యాభై పేజీల దస్తావేజు రెండు సెట్లు అడిగాడు. అక్క సిస్టమ్‌లో పీడీఎఫ్ ప్రింటుకిచ్చి, ఇటు పెద్ద జెరాక్స్ మిషను మీద సెట్టు పెట్టి బటన్ నొక్కింది. మిషను నిద్ర మోడ్‌లోంచి లేచి గుర్రుమంది, పైన ట్యూబ్‌లైటు ఒక్క క్షణం కళ్ళార్పింది, బల్ల కింద యూపీఎస్‌లో టక్ అని రిలే, అంటే దాని లోపలి స్విచ్చు, కొట్టుకుంది, మానిటర్ మీద ప్రింట్ విండో మాయమై బోర్డు కంపెనీ బొమ్మ వచ్చింది. ఈ నాలుగూ ఒక్క సెకనులో జరిగాయి. మా షాపులో రెండు రోజులు కాపలా కాసినా దొరకనిది ఇక్కడ నలభై నిమిషాల్లో దొరికింది. మా షాపులో స్టెబిలైజరు ఉంది, 230 దగ్గర గీత గీసినట్టు ఉంటది, జెరాక్స్ మిషను లేదు, అక్కడ ఎందుకు పోయిద్ది?

మీటరు పెట్టా. ఆ టైములో ఆ వీధిలో వోల్టేజే 204 ఉంది, ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీలన్నీ తిరుగుతుంటాయి కదా. మిషనులో టోనర్ని కాయితానికి కరిగించి అంటించే ఫ్యూజర్ హీటరు ఆన్ అవగానే 187కి పడిపోతుంది. ఆ యూపీఎస్ 190 కిందకి వస్తే వోల్టేజీ పెంచే బూస్ట్ రిలే వేస్తుంది, అదే ఆ టక్. రిలే ఒక కాంటాక్టు వదిలి ఇంకో కాంటాక్టు పట్టుకునే లోపు కొన్ని మిల్లీసెకన్లు అవుట్‌పుట్‌లో కరెంటు ఉండదు. ఆఫ్‌లైన్ యూపీఎస్‌లన్నిట్లోనూ ఈ ఖాళీ ఉంటది, కొత్త బ్యాటరీ వేసినా ఉంటది, బ్యాటరీకి దీనికి సంబంధమే లేదు. మామూలుగా దీంతో ఇబ్బంది రాదు, ఎందుకంటే ఎస్ఎంపీఎస్ లోపల ప్రైమరీ వైపు, అంటే గోడ కరెంటు లోపలికొచ్చే వైపు, ఉండే పెద్ద కెపాసిటర్లు ఆ ఖాళీలో నిల్వ ఉన్న కరెంటు ఇచ్చి గట్టెక్కిస్తాయి. హోల్డ్ అప్ టైమ్ అంటారు దాన్ని, మంచి ఎస్ఎంపీఎస్ ఫుల్ లోడులో కూడా 16 మిల్లీసెకన్ల దాకా నిలబడాలి. దీనిది నిలబడట్లా.

మానిటర్ ఎందుకు ఆగలేదో కూడా అప్పుడే అర్థమైంది. అది తాగేది ఇరవై వాట్లు, దాని అడాప్టరులో ఉన్న చిన్న కెపాసిటరుకే ఆ ఖాళీ ఒక లెక్క కాదు. సీపీయూ బాక్సులో మాత్రం ప్రింటు రెండరింగ్ టైములో ప్రాసెసరు నాలుగు కోర్లూ పరిగెడుతుంటాయి.

రుజువు కావాలి కదా, సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు యూపీఎస్ ప్లగ్ పీకా. సిస్టమ్ పోలా. ఐదు సార్లు పీకినా పోలా. రెండో మెకానిక్కు కూడా ఇదే పరీక్ష చేసి యూపీఎస్ బాగానే ఉందన్నాడంట. స్ట్రెస్ టెస్టు లోడులో పెట్టి, జెరాక్స్ మిషను కూడా నడుస్తుండగా పీకా. ఆరు సార్లలో ఐదు సార్లు రీస్టార్టు. ఈ పరీక్ష ఎప్పుడూ లోడులోనే చేయాలి, ఖాళీ బండి ఏ గేరులోనైనా ఎక్కిద్ది కొండ.

ఇంటికొచ్చాక ఆ ఎస్ఎంపీఎస్ ఊడదీశా. కొత్తవాళ్ళకి ఒక హెచ్చరిక, 230 వోల్ట్ల ఏసీని డీసీ చేస్తే లోపల 325 వోల్టులు నిల్వ ఉంటాయి, ప్లగ్ పీకేసినా కొంతసేపు ఉంటాయి, ఇది పట్టుకుని ప్రాణాలు పోగొట్టుకోవద్దు. నేను ఒక రాత్రంతా వదిలేసి, తర్వాత వంద వాట్ల బల్బు హోల్డరు వైర్లు తగిలించి డిశ్చార్జ్ చేశాకే చేయి పెట్టా. ప్రైమరీ వైపు రెండు కెపాసిటర్లు, ఒక్కోదాని మీద 200 వోల్ట్స్ 470 మైక్రోఫారడ్స్ అని ఉంది. చూడ్డానికి పైన టోపీ పొంగలా, కింద కారలా, ఏమీ లేదు, కొత్త పెళ్ళికొడుకులాగా ఉన్నాయి. బోర్డు మీంచి తీసి కొలిస్తే ఒకటి 210, ఇంకోటి 240. సుమారు సగమే మిగిలాయి. కెపాసిటర్ పొంగితేనే పోయినట్టు అనుకునేవాళ్ళకి ఇది చూపించాలి.

లెక్క ఇష్టం లేనివాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. రెండూ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి కొత్తప్పుడు 235 మైక్రోఫారడ్లు, ఇప్పుడు సుమారు 112. కెపాసిటర్లో నిల్వ వోల్టేజీ స్క్వేరుతో మారుతుంది, అదీ అసలు కిటుకు. 230 ఇన్‌పుట్‌కి లోపల 325 వోల్టులు, 187కి 264 మాత్రమే. ఇది 220 దాకా పడితే అవుట్‌పుట్ నిలబడదు అనుకుందాం, బాక్సు గోడ నుంచి 150 వాట్లు లాగుతుందనుకుందాం. కొత్త కెపాసిటర్లు, నిండు 230 ఉంటే వాడుకోడానికి సుమారు 6.7 జూల్స్ ఉంటాయి, అంటే 45 మిల్లీసెకన్లు. ముసలి కెపాసిటర్లు, 187 వోల్టులు అయితే 1.2 జూల్స్, 8 మిల్లీసెకన్లు. రిలే ఖాళీ కూడా అటూ ఇటూగా అంతే. అందుకే కొన్నిసార్లు పోయేది, కొన్నిసార్లు బతికేది. అదే సిస్టమ్ ఖాళీగా 60 వాట్లు మాత్రమే లాగుతుంటే ఆ 1.2 జూల్స్‌కే 20 మిల్లీసెకన్లు వస్తాయి, అందుకే ప్లగ్ పీకినా పోలా. నా బెంచ్ మీద ఏం చేసినా ఎందుకు ఆగలేదో మొత్తం ఈ లెక్కలోనే ఉంది, ముసలి కెపాసిటరు, తక్కువ వోల్టేజీ, ఎక్కువ లోడు, రిలే ఖాళీ, నాలుగూ ఒక్కసారి కలిస్తేనే పోయిద్ది, అవి నాలుగూ కలిసేది ఆ షాపులో పదకొండు నుంచి నాలుగు మధ్యలోనే.

దానికి బదులు 450 వాట్లదే, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న, కరెంటు తక్కువ వృథా చేస్తుందని బ్రాంజ్ రేటింగ్ ఉన్న ఎస్ఎంపీఎస్ వేశా. అప్పట్లో లోకల్‌ది ఏడొందలకి వచ్చేది, ఇది రెండు వేల మూడొందలు. అక్కకి చెప్పింది ఇదే, యాక్టివ్ పీఎఫ్‌సీ దాంట్లో బయట వోల్టేజీ 230 ఉన్నా 187 ఉన్నా లోపలి కెపాసిటర్ని 380 దగ్గర్లో నింపి పెడుతుంది, కాబట్టి తక్కువ వోల్టేజీలో నిల్వ తగ్గిపోయే గొడవ ఉండదు. ఒక అనుమానం మాత్రం ఉండింది, చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చేది సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉంటది, కొన్ని పీఎఫ్‌సీ ఎస్ఎంపీఎస్‌లకి అది పడదు. అందుకని బిల్లు రాయకుండా ముందు అక్కడే పెట్టి లోడులో పది సార్లు ప్లగ్ పీకి చూశా, పదికి పదీ నిలబడింది. అప్పుడు బిల్లు రాశా.

అంతటితో వదిలేస్తే సగం పనే అయ్యేది. జెరాక్స్ మిషనూ యూపీఎస్సూ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉన్నాయి, మిషను ప్లగ్ పీకి చూస్తే పిన్నులు నల్లగా మాడి ఉన్నాయి, ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది, చేయి పెడితే చుర్రుమంది. హీటరున్న మిషన్ని ఎక్స్‌టెన్షన్ మీద పెట్టడం అంటే ఆ బాక్సునే హీటరు చేసుకోవడం. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి మిషనుకి విడిగా బోర్డు నుంచి వైరు లాగించి 16 యాంప్స్ పవర్ ప్లగ్ పెట్టించాం. ఆ తర్వాత మిషను లేచినప్పుడు యూపీఎస్ దగ్గర పడేది 17 వోల్టులు కాదు, 6 వోల్టులే. రిలే టక్ అనడం కూడా బాగా తగ్గింది.

ఎలక్ట్రీషియన్ ఉన్నప్పుడే ఇంకోటి కూడా తేలింది. నేను క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంది. షాపు కుర్రాడిని అడిగితే "చెప్పులేసుకుంటే కొట్టదన్నా" అన్నాడు, అదేదో మామూలు సంగతన్నట్టు. క్యాబినెట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య మీటరు పెడితే 105 వోల్టులు చూపించింది. ఇది ఎస్ఎంపీఎస్ షార్ట్ అయ్యి కాదు, ఎస్ఎంపీఎస్ ముందు వైపు ఫిల్టర్లో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిసి ఉంటాయి, ఎర్తింగ్ ఉంటే ఆ లీకేజీ భూమిలోకి పోయిద్ది, ఎర్తింగ్ లేకపోతే బాడీ సగం వోల్టేజీ దగ్గర వేలాడుతుంది. కొత్త ఎస్ఎంపీఎస్ వేసినా అంతే ఉంది, చూపించా వాళ్ళకి. సాకెట్లో మూడో రంధ్రం ఉంది, దాని వెనక వైరు లేదు! షాపు వెనక ఎర్త్ గుంట ఉంది, పైపు తుప్పు పట్టి వైరు ఊడిపోయింది. గుంట తవ్వి బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోసి కొత్త వైరు బిగించాక బాడీ మీద వోల్టు కూడా లేదు. అప్పటిదాకా ప్రింటర్ యూఎస్‌బీ మధ్య మధ్యలో డిస్‌కనెక్ట్ అవుతుందని ఇంకో కంప్లైంటు ఉండేదంట, నాకు చెప్పనే లేదు, అది కూడా ఆ రోజు నుంచి పోయింది. ఎర్తింగే కారణం అని ఒట్టేసి చెప్పను, పోయిన మాట మాత్రం నిజం.

ఇక స్లో సంగతి. ఇది వేరే జబ్బు అనుకున్నా మొదట్లో, కాదని తర్వాత తేలింది.

టాస్క్ మేనేజర్లో డిస్కు 100 శాతం. డిస్కు 100 అనగానే ఎస్ఎస్‌డీ వెయ్ అంటాం అందరం, వెయ్యాల్సిందే, కానీ దాని పక్కన ఉన్న రెండు అంకెలు కూడా చూడాలి. 100 శాతం ఉండి స్పీడు యాభై అరవై ఎంబీ ఉంటే ఏదో ప్రోగ్రాం దాన్ని నిజంగా వాడుతుందని, అప్‌డేటో యాంటీవైరస్సో. ఇక్కడ 100 శాతం ఉండి స్పీడు 0.3 ఎంబీ, రెస్పాన్స్ టైము మూడు వేల మిల్లీసెకన్లు. ఒక్క చిన్న రీడ్‌కి మూడు సెకన్లు. అది పని చేయడం కాదు, ఒకే చోట తల బాదుకోవడం.

డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో పెడితే పసుపు రంగు, కాషన్. సి5, అంటే కరెంట్ పెండింగ్ సెక్టార్లు (డిస్కు చదవలేక ఇంకా తేల్చకుండా ఆపి పెట్టిన చిన్న చిన్న ముక్కలు), చివర 18 అని ఉంది. ఇక్కడ ఒక చిన్న తిరకాసు, ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా రా వాల్యూలు హెక్సాలో, అంటే పదహార్ల లెక్కలో చూపిస్తది, 18 అంటే 24. ఆప్షన్లలో దశాంశానికి మార్చుకోవచ్చు. 05, అంటే రీ అలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయాయని తేల్చి వేరే చోటికి మార్చినవి) మాత్రం సున్నా. సి7, అంటే డేటా కేబుల్లో వెళ్తుండగా వచ్చే సీఆర్‌సీ ఎర్రర్లు, వెయ్యి దాటాయి, సి7 పెరిగితే డిస్కుకంటే ముందు కేబుల్‌ని అనుమానించాలి, సాటా కేబుల్ తీసి చూస్తే క్లిప్పు విరిగి వదులుగా ఉంది. కేబుల్ మార్చినా ఆ అంకె వెనక్కి తగ్గదు, పెరగడం ఆగితే చాలు.

05 సున్నా ఉండి సి5 మాత్రం 24 ఉండటం చూశాక నాకు రీస్టార్టులు గుర్తొచ్చాయి. డిస్కు ఒక సెక్టార్ రాస్తుండగా కరెంటు పోతే ఆ సెక్టార్ సగం రాసి ఆగుతుంది, తర్వాత చదవబోతే లోపలి లెక్క సరిపోదు, డిస్కు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి చివరికి పెండింగ్‌లో పెడుతుంది. ప్లాటర్ (లోపల తిరిగే పళ్ళెం) మీద గీత పడకుండానే ఇది జరగొచ్చు. రోజుకి రెండు మూడు సార్లు చొప్పున మూడు నెలలు, అదీ ప్రింట్ ఫైళ్ళు రాస్తుండగా.

ఇలాంటి డిస్కు మీద ముందే చెక్ డిస్క్ స్లాష్ ఆర్ (chkdsk /r, విండోస్‌లో డిస్కు రిపేరు కమాండు) కొట్టేవాళ్ళని చాలామందిని చూశా. దయచేసి కొట్టొద్దు. అది డిస్కుని మొత్తం ఆ చివర నుంచి ఈ చివరకి చదివిస్తుంది, ఊపిరి ఎగబీలుస్తున్న డిస్కు ఆ పరుగులోనే పోవచ్చు. పైగా చదవలేని చోట ఉన్న డేటా సంగతి అది చూడదు, ఫైల్ సిస్టమ్ సరిచేయడమే దాని పని. ముందు డేటా కాపీ, తర్వాతే రిపేరు. నేను లైనక్స్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాంతో మొత్తం డిస్కుని ఇంకో 1 టీబీ డిస్కు మీదకి దింపా. అది బాగున్న చోట్లన్నీ ముందు గబగబా లాగేసి మొరాయించిన చోట్లకి చివర్లో తిరిగొస్తుంది, అదీ దాని గొప్ప. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి మొత్తం 500 జీబీలో పన్నెండు కేబీ తప్ప అంతా వచ్చింది. ఆ పన్నెండు కేబీ ఎక్కడుందో వెతికితే ఎక్కువ భాగం పాత ప్రింట్ స్పూల్ ఫైళ్ళు (ప్రింటుకి పోయేముందు తాత్కాలికంగా నిలిచేవి), ఒకటి మాత్రం పెళ్ళి కార్డు ఫైలు. అక్కకి చెప్తే "ఎవరిది?" అంది, పేరు చెప్పా, "వాళ్ళ పిల్లకి బాబు పుట్టి ఆర్నెల్లయింది, పోతే పోయిందిలే" అంది.

ఆ కాపీలోంచి సి పార్టిషన్ కుదించి 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ మీదకి ఎక్కించా. ఫార్మాట్ లేదు, అను ఫాంట్లు ఎక్కడివక్కడే, పేజ్‌మేకర్ ఎక్కడిదక్కడే. హెచ్81 బోర్డులో సాటా పోర్టులు అన్నీ ఒకటి కాదు, రెండు మాత్రమే 6 జీబీపీఎస్‌వి, మిగతావి 3 జీబీపీఎస్‌వి, రంగు చూసి కాకుండా బోర్డు మీద అచ్చేసిన పేరు చూసి పెట్టాలి. ర్యామ్ ఇంకో 4 జీబీ సెకండ్ హ్యాండ్ స్టిక్కు వేసి రెండో స్లాటులో పెట్టా, డ్యుయల్ ఛానల్ అయింది, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ వాడే సిస్టమ్‌కి అది కలిసొస్తుంది. ఆన్ చేసిన పద్దెనిమిది సెకన్లకి డెస్క్‌టాప్.

పాత డిస్కు మీద మాత్రం కుతూహలం ఆగక మొత్తం సున్నాలు రాసి చూశా. సి5 24 నుంచి సున్నాకి వచ్చింది, 05 కదల్లేదు. అంటే ఆ సెక్టార్లు నిజంగా చెడిపోలా, సగం రాసి వదిలేసినవే, మళ్ళీ రాయగానే బాగుపడ్డాయి. డిస్కుని పాడు చేసింది కూడా ఆ రెండు ముసలి కెపాసిటర్లే. అయినా దాన్ని అక్క డేటాకి వాడలా, మా షాపులో టెస్టింగ్ డిస్కుగా పడి ఉంది.

బిల్లు ఎస్ఎంపీఎస్ 2300, ఎస్ఎస్‌డీ 1700, ర్యామ్ 500, కేబుల్ 80, నా కూలి 800, మొదట తీసుకున్న 500 అందులో తగ్గించా. ఎలక్ట్రీషియన్ ఖర్చు వాళ్ళది వేరే. కొత్త బ్యాటరీకీ, రెండు రోజుల బేరానికీ పోయింది ఎవరూ లెక్కేయలా.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నది ఒకటుంది. రీస్టార్ట్ కంప్లైంటు వస్తే సీపీయూ ఒక్కటే తెమ్మనట్లేదు, ముందు ఏ టైములో పోతుంది, అదే లైను మీద ఇంకేం ఉన్నాయి, మానిటర్ ఆరుతుందా ఆరదా, యూపీఎస్ చప్పుడు చేస్తుందా అని ఫోనులోనే అడుగుతున్నా. ఎండాకాలం పిండిమర పక్క షాపులవీ, వెల్డింగ్ షాపు పక్కవీ ఇట్లాంటివి ఆ తర్వాత మూడు చూశా, రెండింటికి ఎస్ఎంపీఎస్సే, మూడోది మాత్రం పవర్ బటన్ నొక్కుకుపోయి ఉంది, దానికి వాళ్ళింటికి రెండుసార్లు పోయొచ్చా అనవసరంగా.

అక్క సిస్టమ్ ఇప్పటికీ నడుస్తుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది, నాలుగో జనరేషన్ ప్రాసెసరుకి విండోస్ 11 అధికారికంగా రాదు, అడ్డదారిలో ఎక్కించమని అడిగింది గానీ నేనే వద్దన్నా. ఆన్‌లైన్ అప్లికేషన్లకి, పేమెంట్లకి వేరే చిన్న సిస్టమ్ తీసుకోమని, దీన్ని నెట్ పీకేసి డీటీపీకి మాత్రమే ఉంచుకోమని చెప్పా. పోయిన నెల టోనర్ పనిమీద వెళ్తే గోడకి కొత్త క్యాలెండరు ఉంది, ఎర్ర పెన్ను అంకెలు ఒకచోట మాత్రం కనపడ్డాయి. ఏందక్కా మళ్ళీ మొదలైందా అంటే, "అది సిస్టమ్‌ది కాదులే, జెరాక్స్ మిషన్లో పేపరు ఇరుక్కున్న టైములు" అంది.